బండి మీద గది

ఆ వేసవి మొదలయ్యేసరికి మా ఇంట్లో ఇద్దరమూ అలిసిపోయి ఉన్నాం. మా ఆయన రోడ్లకి అలిసిపోయారు, నేను గోడలకి.

ఆయన లారీ డ్రైవరు. సరుకు ఎక్కడికంటే అక్కడికి, ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. నేను మా వీధి మొదట్లో ఒక ఇరుకు గదిలో టైలరింగు షాపు నడిపేదాన్ని. ఆయన నడుము ఇక ఒప్పుకోదని డాక్టరు తేల్చి చెప్పాక లారీ దిగి ఇంటికొచ్చేశారు. ఆ వేసవికి ముందు చలికాలంలోనే నా కుడి చెయ్యి కూడా మొరాయించింది. కత్తెర పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కేవి. కత్తిరింపు గీత దాటి పోయేది. ఎవరిదో కొత్త గుడ్డ ఒకటి పాడు చేశాక ఇక లాభం లేదనుకుని, నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికే షాపు అప్పగించి నేనూ ఇంటికొచ్చేశాను.

అలా పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇద్దరం ఒకే ఇంట్లో ఒకేసారి ఖాళీగా కూర్చున్నాం.

ఆయనకది హాయిగా ఉంది. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని పొద్దస్తమానం అందులోనే ఉండేవారు. ఎదురుగా కదలని గోడ, కదలని చెట్టు. వాటిని చూస్తూ కూర్చోవడమే ఆయనకి పెద్ద భోగం. "కాస్త ఎటైనా వెళ్ళొద్దామా" అని నేనంటే, "ఎటు వెళ్తాం, అన్నీ చూసినవేగా" అనేవారు. ఆ 'చూసినవి' అనే మాటలో నేను లేనని ఆయనకి తట్టేది కాదు. నాకు చెప్పబుద్ధి అయ్యేదీ కాదు. నా పనంతా ఊళ్ళకెళ్ళేవాళ్ళకి బట్టలు కుట్టడం. "రేపు పొద్దున్నే ప్రయాణమండీ, ఇవాళ ఇచ్చేయాలి" అని ఎంతమంది నా మెడ మీద కూర్చున్నారో లెక్కలేదు.

షాపు అప్పగించే ముందు నేను ఒప్పుకున్న చివరి పని కర్టెన్లు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ తెచ్చింది. కిటికీల కొలతలు నువ్వే వచ్చి తీసుకోమంటే, ఇల్లెక్కడని అడిగాను. "బయటే ఉంది" అంది. వెళ్ళి చూద్దును కదా, వీధిలో ఒక చిన్న ట్రక్కు. దాని తొట్టిలో ఒక గది దింపి బిగించి ఉంది. క్యాంపర్ అంటారని ఆవిడే చెప్పింది. కావాలంటే బిగించుకోవచ్చు, వద్దంటే దించేసి ట్రక్కుని మామూలుగా వాడుకోవచ్చు. వెనక తలుపు తీసి మెట్టెక్కితే ఒక పక్క పొయ్యి, సింకు, ఇంకో పక్క కూర్చునే బల్ల, డ్రైవరు క్యాబిన్ మీదకి వచ్చేలా పరుపు. నా షాపులో కటింగు బల్ల అంత జాగాలో ఒక కాపురం. టేపు తీసి కిటికీలు కొలిచాను. కొలవడం అయిపోయాక కూడా ఆ బల్ల మీదే కూర్చుండిపోయాను. టీచరమ్మ రెండుసార్లు పిలిస్తే గానీ దిగలేదు.

ఆ వారమంతా దాని గురించే ఆలోచించి, ఒకరోజు మధ్యాహ్నం తినేటప్పుడు బయటపెట్టాను.

"నేనొకటి కొనుక్కుందామనుకుంటున్నాను."

"ఏంటి, మిక్సీనా?"

"బండి. ట్రక్కు. వెనక గది ఉండేది."

ఆయన నమలడం ఆపారు. "నేను ముప్పై ఏళ్ళు ఆ బతుకులోంచి బయటపడాలని చూశాను. నువ్వు అందులోకి దూరతానంటావేంటి?"

"మీరు సరుకు కోసం తిరిగారు. నేను ఊరికే తిరుగుతాను."

"ఊరికే ఎవరూ తిరగరు."

"చూస్తాను, ఎందుకు తిరగకూడదో."

"నేను మాత్రం రాను. ఇంక ఏ బండీ ఎక్కను, చెప్తున్నా."

"మీరు రానక్కర్లేదు."

నేను కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయింది అన్నంత మామూలుగా అన్నాను. అందుకేనేమో ఆయన మజ్జిగ కూడా పోసుకోకుండా లేచారు.

సాయంత్రానికి కూతురి ఫోను. వేరే ఊళ్ళో ఉద్యోగం, పిల్లలు, దాని తిప్పలు దానివి. అయినా నాన్న చెప్పగానే పని మానుకుని చేసింది.

"అమ్మా, ఏంటిది? ఇన్నాళ్ళకి నాన్న ఇంటిపట్టున ఉంటే ఇప్పుడు నువ్వు బయల్దేరతావా?"

"ఎప్పుడూ ఎవరో ఒకళ్ళం ఇంట్లో ఉంటూనే ఉన్నాం కదే. ఇల్లు ఖాళీగా లేదు."

"నవ్వులాటగా ఉందా నీకు? దారిలో నీకేమైనా అయితే?"

"ఇంట్లో కూర్చుంటే ఏమీ కాదా?"

"నీతో నేను పడలేను, నాన్నకివ్వు ఫోను" అంది. ఇచ్చాను. ఆయన "ఊఁ, ఊఁ" అంటూ విని, "దాని డబ్బు, దాని ఇష్టం. నేనేం చెప్పను" అన్నారు.

మొదట నేనొక్కదాన్నే వెళ్ళాను. ఊరి చివర పాత బండ్లు అమ్మే ఆవరణలో తెల్లటి క్యాంపర్ ఒకటి కనిపించింది. నీలం గీత, లోపల స్నానాల గది కూడా ఉంది. చూడగానే మనసు పడిపోయింది. ఇంటికొచ్చి దానికి ఏ రంగు కర్టెన్లు వేయాలో చెబుతుంటే ఆయన కుర్చీలోంచే అడిగారు.

"బండి ఏది?"

"అది తర్వాత చూసుకోవచ్చు."

"చెప్పులు కొనుక్కొచ్చి, వాటికి సరిపోయే కాళ్ళ కోసం వెతికినట్టుంది."

మర్నాడు చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. "చూసొస్తానంతే. కొనమని కాదు."

ఆవరణలో ఆయన క్యాంపర్ చుట్టూ మెల్లగా తిరిగారు. లోపలికి ఎక్కలేదు. కిటికీ కింద మూలలో బొటనవేలితో నొక్కారు. రంగు మెరుస్తూనే ఉంది గానీ వేలు పాలమీగడలోకి దిగినట్టు దిగింది.

అమ్మే మనిషి నవ్వాడు. "కొంచెం తడి తగిలింది సార్. ఆరిపోతుంది."

"తడి తగిలిన చోటే ఆగదు బాబూ. పైనుంచి దిగి వచ్చింది ఇది. లోపల చెక్కంతా చివికిపోయి ఉంటుంది."

నేను తలుపు తీసి లోపల తల పెట్టాను. మొదటిసారి వచ్చినప్పుడు పట్టించుకోని వాసన ఇప్పుడు ముక్కుకి తగిలింది. ఆరకుండా మూట కట్టేసిన గుడ్డల వాసన. జీవితమంతా గుడ్డల మధ్య బతికినదాన్ని, నీలం గీత చూసి మురిసిపోయాను.

బస్సులో తిరిగొస్తుంటే నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఆయన కిటికీ బయటికి చూస్తూ, నాతో కాదన్నట్టుగా మొదలుపెట్టారు.

"దానికి కొట్టిన రేకు పలక మీద రాసే బరువు ఖాళీ పెట్టెది. అందులో నీళ్ళు నింపుతావు, గ్యాసు పెడతావు. పరుపు, గిన్నెలు, బ్యాటరీ. పైన నువ్వు."

"నేనంత బరువేం కాదు."

"నీ బట్టలున్నాయిగా. ఇవన్నీ కలిపి చూసుకోవాలి. ట్రక్కు ఎంత మొయ్యగలదో డ్రైవరు తలుపు పక్కన రాసుంటుంది. అది చూసి, అంతకంటే బాగా తక్కువ ఉండే పెట్టె తీసుకోవాలి. మొయ్యగలదు కదా అని అంతా మొయ్యించకూడదు."

నడుముకి కట్టుకున్న బెల్టు సర్దుకుంటూ అన్నారు ఆ మాట. ట్రక్కు గురించో, ఇంక దేని గురించో నేనడగలేదు. అప్పటి నుంచీ చివరిదాకా ఆయన దాన్ని క్యాంపర్ అనలేదు, పెట్టె అనే అన్నారు. వినీ వినీ నాకూ అదే అలవాటైంది.

ట్రక్కు ఒక మొక్కల నర్సరీలో దొరికింది. కుండీలు మోసిన బండి. తొట్టి నిండా గీతలు, ఇంజను మాత్రం శుభ్రం. ఆయన గోనెపట్టా పరిపించుకుని, వద్దంటున్నా వినకుండా దాని కిందకి దూరారు. తుప్పు ఎక్కడుందో వేళ్ళతో కొట్టి చూశారు. చూడ్డం అయిపోయింది గానీ బయటికి రాలేకపోయారు. నడుము పట్టేసింది. నర్సరీ ఆయనా నేనూ చెరో కాలూ పట్టుకుని పట్టాతో సహా లాగాం.

"నవ్వకు" అన్నారు దుమ్ము కొట్టుకున్న మొహంతో.

"నవ్వట్లేదు."

"ఎడంపక్క బరువు మోసే కమాన్‌పట్టీలు వాలిపోయాయి. రెండు పక్కలా ఒక్కో పట్టీ అదనంగా వేయిస్తే పెట్టె మోస్తుంది. తీసుకో."

పెట్టె దొరకడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఒకటి బరువెక్కువ, ఒకటి పొడుగెక్కువ. తొట్టి దాటి వెనక్కి వేలాడే పెట్టె ముందు చక్రాలని తేల్చేస్తుందట, ఎత్తెక్కేటప్పుడు స్టీరింగు మాట వినదట. బరువంతా వెనక ఇరుసుకి ముందుండాలి. చివరికి పక్షుల ఫొటోలు తీసే ఒకాయన దగ్గర చిన్నది కుదిరింది. అల్యూమినియం చట్రం, స్నానాల గది లేదు, నీలం గీతా లేదు. పొయ్యి, సింకు, బల్ల, పరుపు అంతే. ఆయన ఈసారి మూలలన్నీ నొక్కి, పైకప్పు అతుకులు చూసి, లోపలికి కూడా ఎక్కారు. ఎక్కి, మెడ వంచుకుని నిలబడ్డారు.

"తల తగుల్తోంది."

నేను పక్కనే నిలబడ్డాను. నా తలకీ కప్పుకీ మధ్య అరచేయి పట్టేంత ఎడం ఉంది. ఇంకోటి చూద్దామా అని అనబోయాను. అనలేదు.

"నాకు సరిపోయింది" అన్నాను.

ఆయన నన్ను, కప్పుని మార్చి మార్చి చూశారు. "అవును. నీకు సరిపోయింది" అని మెడ వంచుకునే దిగిపోయారు.

లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పని మొదలైంది. అక్కడి మేస్త్రీకి మా ఆయన పాత పరిచయం. పెట్టెని నాలుగు మూలలా జాకీల మీద ఎత్తి నిలబెట్టి, ట్రక్కుని దాని కిందకి వెనక్కి తోలి, జారకుండా తొట్టిలో మందపాటి రబ్బరు పరిచి దించాడు. నాలుగు మూలలా గొలుసులు ఛాసిస్‌కి తగిలించి, మధ్యలో మర తిప్పి బిగించే ఏర్పాటు చేశాడు. అది సులువుగానే అయిపోయింది. గొడవంతా లోపల సామాను దగ్గర వచ్చింది. వాడిన గ్యాసు గొట్టం పనికిరాదు, కొత్తది వేయించాలన్నారు ఆయన. సరే అన్నాను. సిలిండరు పక్కన నేలకి దగ్గరగా గాలి పోయే కన్నం ఉండాలన్నారు, గ్యాసు లీకైతే కిందకే దిగుతుంది కాబట్టి. దానికీ సరే అన్నాను. ఇంకో అలమర కావాలంటే మాత్రం ససేమిరా అన్నారు.

"అలమర ఉంటే నింపుతావు. నింపితే బరువు."

"గిన్నెలు నెత్తి మీద పెట్టుకోనా?"

"రెండు గిన్నెలు చాలు. నేను ఒక్కదాంతో వెళ్ళదీశాను."

"అందుకే మీ కడుపు అలా తగలడింది."

మేస్త్రీ డ్రిల్లు చేత్తో పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూశాడు. "అన్నా, వదినా, మీరిద్దరూ ముందు ఒక మాట మీదకి రండి. ఒకసారి బెజ్జం పెట్టానంటే మళ్ళీ పూడ్చలేను."

అలమర పెట్టలేదు. దాని బదులు గోడకి గుడ్డ సంచులు కుట్టి తగిలించాను. కుడిచేత్తో కాసేపు, ఎడంచేత్తో కాసేపు. ఆయన వాటిని లాగి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బాగున్నట్టు.

కారు నడపడం నాకు ముందే వచ్చు, కూతురు చదువుకునే రోజుల్లో నేర్చుకున్నాను. ఈ బరువుతో నడపడం వేరు. ఊరి బయట కొండ వాలు ఉంది, అక్కడికి తీసుకెళ్ళి నా చేత బండి దింపించేవారు. "బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకు, కాలిపోతుంది. ఎక్కిన గేరులోనే దిగు." పక్కనుంచి పెద్ద బండి దాటితే పెట్టె గాలికి ఊగేది. నేను స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకునేదాన్ని. "ఊగనీ. నువ్వు బిగుసుకోకు" అనేవారు. ఇంటికొచ్చేసరికి ఆయన నడుముకి బల్ల చెక్క, నా మణికట్టుకి వేడినీళ్ళు. ఇద్దరం చెరో గదిలో మూలుగుతూ పడుకునేవాళ్ళం. మమ్మల్ని చూస్తే ప్రయాణానికి బయల్దేరే ఇల్లని ఎవరూ అనుకోరు.

ఎండలు బాగా ముదిరాక ఒక మధ్యాహ్నం ఇంటి ముందు సామాను సర్దుతున్నాను. ఆయన పెట్టె మెట్టు మీద కూర్చుని నీళ్ళ ట్యాంకు గొట్టం తుడుస్తున్నారు. వీధిలో ఎవరూ లేరు. తుడుస్తూ తుడుస్తూ, తలెత్తకుండా అడిగారు.

"నువ్వెళ్ళిపోతే నేనొక్కణ్ణీ ఈ ఇంట్లో ఏం చెయ్యాలి?"

నా చేతిలో మడత పెడుతున్న దుప్పటి ఉంది. జవాబు నాలిక చివరే ఉంది. ఆయన లారీ ఎక్కి పోయిన ఇన్నేళ్ళుగా ఆ జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది, ఎప్పుడో ఒకప్పుడు ఆయన మొహాన కొడదామని. తీరా సమయం వచ్చేసరికి చెప్పాలనిపించలేదు. ఓపిక లేదో, జాలో తెలియదు. దుప్పటి మడత పూర్తిచేశాను.

ఆయన తలెత్తి నా మొహం చూశారు. చూసి, మళ్ళీ తల దించుకుని చాలాసేపు తన చేతులు చూసుకున్నారు. గొట్టంలోంచి నీళ్ళు చుక్కచుక్కగా ఆయన పాదం మీద పడుతున్నాయి.

"ట్యాంకు మూత సరిగ్గా బిగించావా?" అన్నారు.

"బిగించాను" అన్నాను.

బయల్దేరిన పొద్దున ఆయన కూడా క్యాబిన్‌లో ఎక్కారు. మొదట కాస్త దూరం పోయాక గొలుసులు తప్పకుండా వదులవుతాయని, అక్కడ ఆపి మళ్ళీ బిగించాలని, అందాకా వస్తానని అన్నారు. నేను నమ్మాను, నమ్మలేదు కూడా. ఒకసారి ఎక్కితే దిగరేమో అనుకున్నాను. అందుకే ముందురోజు ఆయన బట్టలు రెండు జతలు పరుపు కింద పెట్టాను, చెప్పకుండా.

నేను నడుపుతున్నంతసేపూ ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. ఊరు దాటింది, షెడ్లు దాటాయి, పొలాలు వచ్చాయి. రోడ్డు పక్కన బస్సు షెల్టరు ఒకటి కనిపిస్తే ఆపమన్నారు.

గొలుసులు నిజంగానే వదులయ్యాయి. ఆయన ముట్టుకోలేదు. "నువ్వే బిగించు" అన్నారు. మర పిడి పట్టుకుని తిప్పబోతే మణికట్టు సలుపు మొదలైంది. అప్పుడు ఆయన జేబులోంచి చిన్న ఇనప గొట్టం ముక్క తీశారు. ఒక చివర గుడ్డ చుట్టి దారంతో కట్టి ఉంది. పిడికి తొడిగితే పొడుగు పెరిగి, అరచేతితో తోస్తే చాలు, మర తిరిగింది. నాలుగు మూలలా తిరిగాను. ఆయన వెనకే వచ్చి ఒక్కొక్క గొలుసుని కాలితో తన్ని చూశారు.

"టైర్లు పొద్దున్నే చూడు, వేడెక్కాక కాదు. పైకప్పు అతుకులు..."

"అతుకులు చూడ్డం నాకు నేర్పక్కర్లేదు."

"సరే." రోడ్డు మీద దూరంగా మా ఊరి వైపు వెళ్ళే బస్సు కనిపించింది. ఆయన చెయ్యి ఎత్తారు. బస్సు దగ్గరకొస్తుంటే అటు చూస్తూ అన్నారు, "నా బట్టలు రెండు జతలు పెట్టావు. తీసి మంచం మీద పెట్టొచ్చాను. బరువు దేనికి."

బస్సు ఆగింది. ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, ఇంకో చేత్తో కడ్డీ పట్టుకుని మెల్లగా ఎక్కారు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, నిలబడే ఉన్నారు. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత క్యాబిన్‌లో కూర్చుని కాసేపు స్టీరింగు పట్టుకుని ఉన్నాను. వెనక్కి తిప్పడానికి అక్కడ చోటుంది. ముందుకి రోడ్డుంది. ఎండ ముదరకముందే పోవాలని గేరు వేశాను.

ఆ ప్రయాణం గురించి అడిగితే జనం అందాలు చెప్పమంటారు. నాకు ముందు గుర్తొచ్చేది ఒళ్ళు నొప్పులు. మొదటి వారం ఎండకి పెట్టె కొలిమిలా కాలేది. ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. ఆపిన చోటల్లా ఎవరో ఒకరు వచ్చి, "మీవారేరీ?" అని అడిగేవారు. "ఇంట్లో ఉన్నారు" అంటే ఇంకా ఎక్కువ విచిత్రంగా చూసేవారు. ఒకరోజు దారి తప్పి, ఇరుకు సందులో పెట్టె మూల గోడకి గీసుకుంటే, అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆ సందులో బట్టలు ఆరేసుకుంటున్న ఒకావిడ చెంబుతో నీళ్ళిచ్చి, అటూ ఇటూ పోయేవాళ్ళని ఆపి, నా బండి బయటికి వచ్చేదాకా నిలబడింది. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఒక మధ్యాహ్నం లారీలు ఆగే చోట ఆపి పరుపెక్కి పడుకున్నాను. రెండు పక్కలా లారీలు. ఒకటి వస్తుంటే ఒకటి పోతోంది. పెట్టె అదురుతోంది, డీజిలు కంపు, ఎవరో ఎవరినో తిడుతున్నారు. కళ్ళు మూసుకున్నాను గానీ నిద్ర రాలేదు. పక్క లారీ క్యాబిన్‌లో ఒకతను కాళ్ళు కిటికీలోంచి బయటికి పెట్టి ఎండలోనే నిద్రపోతున్నాడు. అరికాళ్ళు పగిలి ఉన్నాయి. మా ఆయన కుర్చీ గుర్తొచ్చింది, ఎదురుగా కదలని గోడ. నేను లేచి టీ పెట్టుకున్నాను.

ఆయన ఫోన్ చేసేవారు. "ఇంజన్ ఆయిలు చూశావా? వెనక టైర్లు ఎలా ఉన్నాయి?" తిన్నావా అని అడగడం ఆయనకి రాదు. మొదట్లో నేనూ టైర్ల గురించే చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత పొయ్యి మీద ఏముందో, ఎదురుగా ఏం కనిపిస్తోందో చెప్పడం మొదలుపెట్టాను. ఒకసారి, "ఆ రిజర్వాయరు దగ్గరా? ఆ గట్టు మీదుగా ఎన్నిసార్లు పోయానో. ఆగి చూడలేదెప్పుడూ" అన్నారు. ఎలా ఉందో చెప్పమన్నారు. నాకు చెప్పడం సరిగ్గా రాలేదు. నీళ్ళున్నాయని, అవతల గట్టు కనబడట్లేదని చెప్పాను. ఆయన "ఊఁ" అంటూ విన్నారు.

ఆ రిజర్వాయరు దగ్గర చాలా రోజులున్నాను. అక్కడే వేళ కాని వాన ఒకటి పట్టుకుంది. తెల్లవారుతుండగా పరుపు కాళ్ళ వైపు చెమ్మ తగిలింది. వాన వెలిశాక వెనక నిచ్చెన ఎక్కి పైకప్పు మీద పాకాను. ముందువైపు అతుకు మీద వేసిన లప్పం ఒకచోట పెదవిలా లేచి ఉంది. లేచినంత మేరా చాకుతో గీకేసి, గుడ్డతో తుడిచి, ఎండెక్కి పూర్తిగా ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత కొత్త లప్పం ట్యూబు నుంచి సన్నగా వత్తుతూ, తడి వేలితో నున్నగా లాగాను. ఎడంచేత్తోనే చేశాను. గీత వంకర పోలేదు.

ఆ పైన కూర్చుని నీళ్ళని చూస్తుంటే సంతోషం వేసిందని చెప్పను. ఎవరూ ఏమీ ఇవ్వమని అడగని పొద్దు అది. అలసట ఇంకా ఉంది గానీ, అది ఇవాళ చేసిన పనిదే. పాతదంతా ఎక్కడ దిగిపోయిందో నేను చూసుకోలేదు.

కూతురు ఫోన్ చేసి, "నాతో మాట్లాడ్డానికి నాన్నకి తీరికే లేదమ్మా. పొద్దున చేస్తే పని ఉందంటారు. ఏం పని ఉంటుంది ఆయనకి?" అంది. నాకూ తెలియదన్నాను. "మీ ఇద్దరికీ మతి పోయింది" అని పెట్టేసింది. కానీ వారం తిరగకుండా మళ్ళీ చేసి, పిల్లల సెలవులు అయ్యేలోపు తమ ఊరి మీదుగా రావడం కుదురుతుందా అని అడిగింది. వెళ్ళాను. పిల్లలిద్దరూ క్యాబిన్ మీద పరుపు దిగమంటే దిగలేదు. కూతురు బల్ల దగ్గర కూర్చుని, గోడకి వేలాడే గుడ్డ సంచులు ఒక్కొక్కటీ తెరిచి చూసింది. "నాకు కూడా ఇంత చోటుంటే చాలనిపిస్తుందమ్మా ఒక్కోసారి" అంది. దాని తల మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాను.

వానాకాలం మబ్బులు పట్టేసరికి ఇంటికి మళ్ళాను. సాయంత్రం అవుతుండగా వీధిలోకి వచ్చాను. ఆయన కుర్చీలో లేరు. పక్కింటి గోడ దగ్గర నిలబడి వాళ్ళ నీళ్ళ మోటారు విప్పుతున్నారు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ముందు బండి చుట్టూ తిరిగారు. గోడకి గీసుకున్న మచ్చ మీద వేలు పెట్టి రుద్దారు. పరుపు తడిసిన సంగతి ఫోన్లో చెప్పి ఉన్నాను, అందుకని మెట్టెక్కి పరుపు కాళ్ళ వైపు తడిమారు, మళ్ళీ తల కప్పు దాటేదాకా నిచ్చెనెక్కి ముందువైపు అతుకు చూశారు.

"ఎవరు వేశారు?"

"నేనే."

"బాగా కుదిరింది." దిగి, నా చేతిలో సంచీ అందుకున్నారు. "చిక్కిపోయావు."

"మీరు కాస్త ఒళ్ళు చేశారు."

లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని, అలవాటుగా వంటింట్లోకి నడిచాను. టీ గిన్నె ఉండే చోట టీ గిన్నె లేదు. కింది అరలో డబ్బాలు ఒక్కటీ లేవు. అన్నీ పై అరలకి ఎక్కాయి, వంగక్కర్లేకుండా ఆయన చేతికి అందేట్టు. నా వంటిల్లే, నా గోడలే. అయినా ఏ తలుపు తీస్తే ఏముంటుందో తెలియక చుట్టాల ఇంటికొచ్చినదానిలా మధ్యలో నిలబడిపోయాను. ఒక డబ్బా తీసి చూశాను, ఏవో మేకులు. ఇంకోటి తీయబోయాను.

"నువ్వు కూర్చో" అన్నారు వెనక నుంచి. "ఎక్కడేముందో నాకు తెలుసు."

బల్ల దగ్గర కూర్చున్నాను. నడుం కుర్చీకి ఆనగానే కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆయన గిన్నెలో నీళ్ళు పోశారు, పొయ్యి వెలిగించారు, తడుముకోకుండా టీ పొడి డబ్బా అందుకున్నారు. తర్వాత పంచదార డబ్బా మూత తీసి, చెంచా చేత్తో పట్టుకుని ఆగిపోయారు. వెనక్కి తిరిగారు.

"నువ్వు ఎంత వేసుకుంటావు?" అని అడిగారు.

చెప్పాను.